ఏమవుతారు

హెణ్ణూరు రోడ్డు ఆసుపత్రిలో
అడ్మిషన్ కౌంటరు రెండో కిటికీ నాది.
రోజుకి వందసార్లు అడుగుతాను
తెలుగులో, కన్నడంలో, వచ్చీరాని తమిళంలో:
"పేషెంటుకి మీరేమవుతారు?"

ఎవరూ తడుముకోరు.
కొడుకుని, అంటారు. మేనత్తని. తోడికోడలి అన్నని.
ఒకాయన మాత్రం కాసేపు నిలబడి
"వాళ్లదీ నాదీ ఒకే గోడ మేడమ్" అన్నాడు.
జాబితా కిందికంటా లాగి
ఇతరులు అని నొక్కాను.

నన్నూ అడిగేవాళ్లు ఒకప్పుడు ఇదే మాట.
లింగరాజపురం హోముకి
ఆదివారాలు కేకు తెచ్చే పెద్దమనుషులు
బుగ్గ గిల్లి, "పెద్దయ్యాక ఏమవుతావమ్మా?"
డాక్టర్నవుతానంటే రెండో ముక్క.
కృపావతి ఒకసారి "ఆకలవుతోంది" అంది.
ఆ వారం దానికి అసలు ముక్కే లేదు.
నాది ఇద్దరం నాకాం, మెట్ల కింద.

పెద్దయ్యాం.
పుట్టిన తేదీ తెలియని అందరికీ
స్కూలు రాసిన తేదీ జూన్ ఒకటి,
అందుకే ఒకే పొద్దున నలుగురికి పద్దెనిమిది నిండాయి.
సర్టిఫికెట్ల ఫైలు, రెండు జతల బట్టలు,
కవర్లో మూడు వేలు.
ఇక్కడ సంతకం. ఇక్కడ కూడా.
వంట మునెమ్మ గుమ్మం దాటి బయటికి రాలేదు.
పేపర్లో చుట్టి కంచాలు పంపింది,
అంచున నంబర్లు చెక్కిన మా స్టీలు కంచాలు.
నాది ఇరవై ఏడు.
కృపావతిది ఇరవై ఎనిమిది.

గది ఓనరు "మీ నాన్నతో మాట్లాడించు" అన్నాడు.
హోము వ్యాను నడిపే సయ్యదన్న
ఫోన్లో రెండుసార్లు దగ్గి
నాకు నాన్నయ్యాడు, నాలుగు నిమిషాలు.

మొదటి రాత్రి పప్పు వండాను.
అరవై మందికి ఎంతో నిద్రలో అడిగినా చెబుతాను,
ఒక్కదానికి ఎంత పొయ్యాలో తెలియదు.
మూడు రోజులు అదే తిన్నాను, పులిసేదాకా.
ఒక ఆదివారమంతా నేనసలు మాట్లాడలేదని
సోమవారం కిటికీలో గొంతు పెగలకపోతే తెలిసింది.

నిన్న రాత్రి పదకొండు దాటాక
పీణ్య నుంచి వచ్చిన ఆటోలోంచి
ఎవర్నో దింపారు దుప్పట్లో.
దారిలో ఐదు ఆసుపత్రులు దాటించిందట,
"అక్కడికే పోనియ్యండి, మా పిల్ల ఉంది" అని.
జ్వరం నూట నాలుగు.
ప్లేట్‌లెట్లు ముప్పై ఒక్క వేలు.

పేరు కొట్టాను. పుట్టిన తేదీ అడక్కుండా కొట్టాను.
తండ్రి లేక భర్త పేరు: ఒక గీత.
తర్వాతి గడి దగ్గర
రోజుకి వందసార్లు అడిగే నోరు
నా వైపు తిరిగింది.

జాబితాలో తల్లి ఉంది, వదిన ఉంది,
మామగారు ఉన్నాడు.
పక్క కంచం లేదు.

వెనక లైన్లో ఎవరో విసుక్కున్నారు.
అక్క అని నొక్కాను.
ఇద్దరిలో ఎవరు ముందు పుట్టారో
పుట్టించినవాడికైనా గుర్తుందో లేదో,
ఆ జూన్ ఒకటిన ముందు లేచి
పళ్లు తోముకున్నది మాత్రం నేనే.
బాధ్యత నాదే అన్నచోట సంతకం పెట్టాను.
ఈసారి చెయ్యి వణికింది.

తెల్లారాక కళ్లు తెరిచి అడిగింది:
"ఏం రాశావే?"
"అక్కనని."
"ఛీ. నేనే పెద్ద" అని
సెలైన్ చెయ్యి చూసుకుంటూ మళ్లీ నిద్రపోయింది.

మునెమ్మకి ఫోన్ చేశాను.
ఇద్దరికి పప్పు ఎంత పొయ్యాలి?
అవతల అరవై గ్లాసుల చప్పుడు.
"రెండు పిడికిళ్లు ఎయ్యి పాపా.
నీ పిడికిలి కాదు, నాది."

ఆ పిడికిలి ఎంతో
ఇప్పటికీ నా జడకి తెలుసు.